పెద్దాపురం పేరు చెబితే నవ్వెందుకు?

సంపాదకులకు,

పార్టీ మారిన ఎమ్మెల్యేల వార్తకు మీ పత్రిక పెట్టిన ‘రాజకీయ వ్యభిచారం’ అనే శీర్షిక పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే వారం ఆదివారం సంచికలో పెద్దాపురం పేరు మీద వేసిన జోకు కూడా ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆ రెండూ చదివి సికింద్రాబాద్ యాప్రాల్‌లో ఒక పాఠకురాలికి ఒళ్లు మండిపోయింది. ఆమె పుట్టింది పెద్దాపురంలో. భర్త సైన్యంలో పనిచేసి రిటైరయ్యాక, ఈ చుట్టుపక్కల ఎన్నో మాజీ సైనికుల కుటుంబాల్లాగే వాళ్లూ ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. ఈ ఉత్తరం ఆమె రాస్తున్నదే.

పెద్దాపురం ఇప్పటి కాకినాడ జిల్లాలో, సామర్లకోట స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉంది. వత్సవాయి రాజులు ఏలిన సంస్థానం. మహారాణి పేరున సత్రం ఉంది, కాలేజీ ఉంది. పాండవుల మెట్ట ఉంది, పట్టు నేసే మగ్గాలున్నాయి. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఆ సంస్థానం వాడే. ఆయన పద్యం ఒక్కటైనా అప్పజెప్పకుండా పాత తరం వాళ్లెవరూ బడి దాటలేదు. ఇంత ఉన్న ఊరు సినిమా కామెడీ ట్రాకుల్లోకి, ఫోన్లలో తిరిగే రీల్స్‌లోకి, చివరికి మీ ఆదివారం సంచికలోకి వేశ్యల ఊరు అనే ఒకే ఒక్క అర్థంతో వచ్చి చేరింది. ఊరి పేరే ఒక బూతు సైగ అయిపోయింది.

దాని బరువు ఎవరి మీద పడుతుందో మీ డెస్క్ వాళ్లకు తెలియాలి. ఈ పాఠకురాలి తమ్ముడి కూతురికి పెళ్లిచూపులు యాప్రాల్‌లోని ఆమె ఫ్లాట్‌లోనే జరిగాయి. పిల్ల ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తోంది. కాఫీలు ఇస్తూ ఉండగా పెళ్లికొడుకు బాబాయి ఊరు ఏదని అడిగాడు. తమ్ముడు చెప్పాడు. “పెద్దాపురమా! అమ్మో, ఫేమస్ ఊరే కదండీ” అంటూ ఆయన పక్కాయనను మోచేత్తో పొడిచాడు. మగవాళ్లు ముగ్గురు నలుగురు ముసిముసిగా నవ్వారు. పిల్ల చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. కన్నతండ్రి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఒక్కరికీ అది తప్పనిపించలేదు.

సంబంధం కుదిరింది. కుదిరాక పెళ్లికొడుకు తల్లి ఫోను చేసింది. “ఏమీ అనుకోకండి వదినగారూ, శుభలేఖలో కాకినాడ వాస్తవ్యులు అని వేయించండి. మావాళ్లు నవ్వుకుంటారు” అంది. ఊరి పేరు లేని శుభలేఖ వేయించవద్దని ఈ పాఠకురాలు గట్టిగా పోట్లాడింది. “అక్కా, పిల్ల పెళ్లి ముఖ్యమా, ఊరి పేరు ముఖ్యమా?” అని తమ్ముడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. శుభలేఖలో కాకినాడే అచ్చయింది. తాతముత్తాతల నుంచి ఉన్న ఊరు ఆ ఇంటి పెళ్లిలో ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా సొంతూరు అడిగితే ఆ పిల్ల సామర్లకోట అని చెబుతోంది. ఆమె చేసిన నేరమేమిటో ఆ జోకు రాసినవారు చెప్పాలి.

ఆ ఊళ్లో గుళ్లలో, కొలువుల్లో ఆడిపాడే కలావంతుల కుటుంబాలు ఉండేవి, నిజమే. సంస్థానం ఉన్న ప్రతిచోటా ఉండేవి. సంగీతాన్నీ, అభినయాన్నీ తరతరాలు కాపాడింది ఆ స్త్రీలే. నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టినా, స్వప్నసుందరి విలాసిని నాట్యానికి మళ్లీ ప్రాణం పోసినా, నేర్చుకున్నది కలావంతుల దగ్గరే. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని నిషేధించే చట్టం తెచ్చింది. మేజువాణీలు పోయాయి, మాన్యాలు పోయాయి, బదులుగా బతుకుదెరువు చూపించినవాళ్లు లేరు. లోకం వాళ్లకు మిగిల్చింది ఒక తిట్టు మాత్రమే. అంతకు చాలా ముందే, పెద్దాపురానికి దగ్గర్లోనే ఉన్న కాకినాడకు 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చారు. పన్నెండేళ్లు కూడా నిండని దుర్గాబాయి, తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరు పొందిన ఆ పిల్ల, దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయనను కలుసుకోవాలని పట్టుబట్టి, ఐదు వేల రూపాయల నిధి పోగుచేసి మరీ సభ ఏర్పాటు చేసింది. ఆ వయసు పిల్లకు ఆ స్త్రీల పట్ల ఉన్న గౌరవం నూరేళ్లు దాటాక ఒక పెద్ద పత్రికకు లేకపోవడం సిగ్గుచేటు.

ఒళ్లమ్ముకునే వ్యాపారపు మాటలు ఇళ్లలోకి ఎలా వచ్చాయో యాప్రాల్ అపార్టుమెంట్లలో కూర్చుంటే తెలుస్తుంది. కేసు, పార్టీ, ఐటెం, గిరాకీ, బేరం: లాడ్జీల దగ్గర, లారీలు ఆగే చోట్ల ఆడవాళ్ల మీద వాడిన మాటలివి. ఇప్పుడు లిఫ్టులో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఎదురింటి అమ్మాయిని చూసి “మంచి కేసురా” అంటాడు. ఈ పాఠకురాలు వాడి తల్లికి చెబితే, “అవి ఇప్పుడు మామూలు మాటలే ఆంటీ” అని ఆమె తలుపు వేసుకుంది. మామూలు మాటలు కావని ముంబైలో ఒక ప్రత్యేక న్యాయస్థానం 2022 అక్టోబరులో తేల్చింది. ఒక బాలిక వెంటపడి, జుట్టు లాగి, ‘ఐటెం’ అని పిలిచిన యువకుడికి ఏడాదిన్నర జైలు శిక్ష వేసింది. ఆడపిల్లను కామదృష్టితో వస్తువుగా చూసే మాట అది అని చెప్పింది. మీ సినిమా పేజీలో మాత్రం ‘ఐటెం సాంగ్’, ‘ఐటెం గర్ల్’ లేని వారం లేదు.

రాజకీయ నాయకుల నోట ఈ భాష ఇంకా హీనంగా ఉంది. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ ఉప ఎన్నికల సభలో మాజీ ముఖ్యమంత్రి కమల్‌నాథ్ ఒక మహిళా మంత్రిని ‘ఐటెం’ అన్నారు. మన దగ్గర 2025 జూన్ 6న సాక్షి టీవీ చర్చలో ఒక విశ్లేషకుడు అమరావతిని వేశ్యల రాజధాని అన్నాడు. రాజధాని గ్రామాల ఆడవాళ్లు రోడ్డెక్కారు. చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును జూన్ 9న అరెస్టు చేశారు, జూన్ 13న సుప్రీంకోర్టు విడుదల చేయమంది. ఆ వారమంతా అరెస్టు సబబా కాదా, తప్పు ఏ పార్టీది అన్న వాదనే ఎక్కువగా నడిచింది. ఆడవాళ్ల ఒంటిని ఊరి మీద తిట్టుగా వాడే అలవాటు మన నాలుకకు ఎందుకు పట్టిందన్న ప్రశ్న మాత్రం వెనకే ఉండిపోయింది.

ఇక మీ ‘రాజకీయ వ్యభిచారం’ శీర్షిక. పార్టీ మారడానికి తెలుగులో ఫిరాయింపు అనే చక్కని మాట ఉంది. 1985లో ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు వచ్చినప్పటి నుంచి పత్రికలన్నీ వాడుతున్నదే. ఎమ్మెల్యేకు జీతం ఉంది, పదవి ఉంది, గన్‌మెన్ ఉన్నారు, నచ్చకపోతే రాజీనామా చేసే దారి ఉంది. పూట గడవక, మోసపోయి, భర్త వదిలేసి ఆ వృత్తిలోకి చేరిన ఆడమనిషికి ఇవేవీ లేవు. ఎమ్మెల్యేను తిట్టడానికి ఆమెను తీసుకురావడం అన్యాయం. ఆ పోలికతో ఎమ్మెల్యేకు పోయేదేమీ లేదు. దెబ్బ తగిలేది ఆమెకు, బడికి వెళ్లే ఆమె పిల్లలకు.

2022 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం ఆ వృత్తిలో ఉన్న స్త్రీలకూ అందరిలాగే గౌరవంగా బతికే హక్కుందని చెప్పింది. పోలీసు దాడుల వార్తల్లో వాళ్ల గుర్తింపు బయటపడకుండా మీడియా జాగ్రత్తపడాలని చెప్పింది. 2023 ఆగస్టులో అదే కోర్టు న్యాయమూర్తుల కోసం ఒక కరదీపిక వేసి, స్త్రీల మీద వాడకూడని మాటల జాబితా ఇచ్చింది. తీర్పుల భాషనే దిద్దుకుంటున్నప్పుడు శీర్షికల భాష దిద్దుకోవడానికి అడ్డేముంది?

ఇక్కడ మరో మాట చెప్పక తప్పదు. మీ జిల్లా పేజీలో యాప్రాల్ పేరు కనబడటమే అరుదు. గుంతలు పడ్డ రోడ్ల మీద, వేసవిలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు మీద కాలనీవాళ్లు పంపిన ఉత్తరాలు అచ్చుకావు. మేడ్చల్ వైపు ఎక్కడ లాడ్జీ మీద పోలీసు దాడి జరిగినా మాత్రం ఫొటోతో సహా నాలుగు కాలమ్‌ల వార్త. ముఖాలకు చున్నీలు కప్పుకున్న ఆడవాళ్లే ఆ ఫొటోలో ఉంటారు. పట్టుబడిన మగవాళ్లను విటులు అని ఒక్క ముక్కలో దాటేస్తారు. వాళ్ల ఊరి పేరు ఎవరి జోకులోకీ రాదు.

భాష మారుతూ ఉంటుంది, ఆపలేం అని మీ దగ్గరివారు అనవచ్చు. 2015 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి, మాజీ సైన్యాధిపతి వి.కె. సింగ్ పాత్రికేయులను వేశ్యలతో పోలుస్తూ ‘ప్రెస్టిట్యూట్స్’ అన్నప్పుడు దేశమంతటా పాత్రికేయులు మండిపడ్డారు. భాష మారుతోందిలే అని ఎవరూ ఊరుకోలేదు. సైనికుల ఇళ్లున్న ఈ కాలనీలోనూ ఆ మాట తప్పని అన్నవాళ్లున్నారు. తమకు తగిలినప్పుడు నొప్పి తెలిసిన మాట, ఇతరులకు తగిలినప్పుడూ అంతే నొప్పిస్తుంది. పైగా పత్రికలు మాటలు మార్చుకోవడం కొత్త కాదు. ఎయిడ్స్ రోగి అనడం మానేసి హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు అని రాస్తున్నారు. వికలాంగులను దివ్యాంగులు అంటున్నారు. కులాల పేర్లతో తిట్లు అచ్చువేయడం మానేశారు. తలచుకుంటే డెస్క్ మీద ఒక్క సాయంత్రం పని అది.

కాబట్టి సంపాదకులకు ఈ పాఠకురాలి విన్నపం ఇదీ: ఫిరాయింపును ఫిరాయింపు అనే రాయండి. సినిమా పేజీలో నుంచి ఐటెం అనే మాట తీసేయండి. దాడుల వార్తల్లో ఆడవాళ్ల ఫొటోలు ఆపేయండి. ఆ జోకు వేసినందుకు పెద్దాపురం వాళ్లకు అదే ఆదివారం సంచికలో క్షమాపణ చెప్పండి. జ్యేష్ఠ అమావాస్యతో మొదలై ఆషాఢమంతా అక్కడ మరిడమ్మ జాతర జరుగుతుంది. ఈసారి ఒక విలేఖరిని, ఒక ఫొటోగ్రాఫర్‌ను పంపించి, పెద్దాపురం అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టి ఆ వార్త వేయండి.

ఇట్లు
పెద్దాపురం ఆడపడుచు, యాప్రాల్