చెట్టునీడకు తగిన తుంగ

కళాశాల ఆవరణను తీర్చిదిద్దాలనే మాట వచ్చినప్పుడల్లా మనకు మొదట తోచేది పచ్చికబయలు. వేపచెట్ల క్రింద కూడా దానినే పరచాలని కొందరు మిత్రుల ఆకాంక్ష. దీనితో నేను ఏకీభవించలేను.

పచ్చికకు వాడే గరిక ఎండను కోరే గడ్డి. దట్టమైన నీడలో అది పలచబడి, మచ్చలు మచ్చలుగా చచ్చిపోతుంది. ఎంత నీరు పోసినా లాభం లేదు. కొరత నీటిది కాదు, వెలుతురుది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ అనంతపురం సీమలో అట్టి ప్రయోగం తగదు. అట్లని చెట్ల క్రింద రోజూ నున్నగా ఊడ్చివేయడమూ మేలు కాదు. నేల గట్టిపడి, సెప్టెంబరు వానలను ఇముడ్చుకోలేక, ఎఱ్ఱమట్టితో సహా వీధిలోకి వదలుతుంది.

నేను ప్రతిపాదించేది తుంగజాతి మొక్కను. ఈ మాటకు తాడిమర్రి రైతుబిడ్డలు నవ్వుతారని ఎఱుగుదును. వేరుసెనగ చేలో తుంగ పీకిన చేతులు వారివి! ఆ తుంగ, అనగా సైపెరస్ రొటండస్, 1977లో హోమ్ మున్నగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రపంచపు కలుపుమొక్కల గ్రంథంలో ప్రథమస్థానం పొందిన ఘనురాలు. దాని గడ్డలే తుంగముస్తలు; మన హకీములు సఅద్ కూఫీ అని వ్యవహరించే మందు అదే. మందైనంత మాత్రాన ఆవరణలోకి తేరాదు. గడ్డ వెంట గడ్డ గొలుసుకట్టుగా సాగుతుంది. పైగా దానికీ ఎండే కావాలి.

అయితే తుంగలన్నీ ఒకటి కావు. తెల్లని గుండ్రటి పూలతల గల కిల్లింగా నెమొరాలిస్ గడ్డలు పెట్టదు. నేల పైపొరలోనే ప్రాకుతుంది. ఆ లాటిన్ పేరులోని రెండవ పదానికి వనాలకు చెందినదని అర్థం. కాడను వేళ్ళ నడుమ త్రిప్పితే మూడు అంచులు తగులుతాయి. గడ్డికీ దీనికీ భేదం అదే. నీడను ఓర్చుకుంటుంది గాని చెమ్మ లేనిదే బ్రతకదు. ఆ చెమ్మ ఎక్కడిదందురా? వజూ చేసే కుళాయిల నీరు ఉన్నది. సబ్బు కలియని ఆ నీటిని చిన్న కాలువ తీసి చెట్ల మొదళ్ళకు మళ్ళిస్తే చాలు. చెమ్మ చేరని చెట్ల క్రింద రాలిన ఆకును ఊడ్వకుండా వదలివేయడమే ఉత్తమం.

వృక్షశాస్త్ర విద్యార్థులు చెఱువు కాలువల గట్ల నీడపట్టున వెదికి తేవచ్చు. త్రవ్వి, గడ్డ లేదని చూచిన పిమ్మటనే సుమా! కుళాయిల ప్రక్కనున్న చెట్ల క్రింద జానెడేసి ఎడంతో తొలకరికి నాటి, చుట్టూ రాళ్ళు పాతి హద్దు కట్టాలి. రెండేండ్లు చూచి మిగిలిన చెట్ల సంగతి కమిటీవారు నిర్ణయించవచ్చు. పచ్చికకు కేటాయింపదలచిన సొమ్ము అంతవరకు గ్రంథాలయానికి చేరితే ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను.