వ్యాప్తియందు ఉపాధి: ధవళేశ్వరపు వరద సాక్ష్యము

భద్రాచలమున గోదావరి పెరిగినచో ధవళేశ్వరమునకు వరద వచ్చునని లంకవాసులు ఎరుగుదురు. ఇది అనుమానమే. అక్కడి మట్టము హేతువు, ఇక్కడి వరద సాధ్యము, చిరకాలదర్శనముచే ఏర్పడిన సాహచర్యము వ్యాప్తి. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, ఇక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో అక్కడ 71.3 అడుగులు, ఇక్కడ 25 లక్షలకు పైన.

పరిసరమును గ్రహించి తనంతట నిర్ణయము చేయు కంప్యూటరు ప్రోగ్రామును ఏజెంటు అందురు. అట్టిదానికి ఈ లెక్కలు నేర్పి వరదరాకను చెప్పించుట నేడు కష్టము కాదు. పరిసరము మారినచో అది తన్ను తాను సవరించుకొనునని కూడ ఘనముగ చెప్పుదురు. ఎట్లు సవరించుకొనును? ఇచటనే నైయాయికుని ప్రశ్న.

నిప్పున్నచోట పొగ యుండునను మాట తడికట్టె యను ఉపాధికి లోబడినది. కాలిన ఇనుపగుండులో నిప్పుండును, పొగ యుండదు. గోదావరికిని అట్టి ఉపాధులు కలవు. భద్రాచలమునకు దిగువ కూనవరమువద్ద శబరి కలియును. ఆ నీరు భద్రాచలపు కొలతలో చేరదు. ఇది పాత ఉపాధి. కొత్తది పోలవరము. 2021 జూన్‌లో అచట ప్రవాహమును 48 గేట్ల స్పిల్‌వే మీదుగ మళ్లించిరి. పై రెండు వరదల తేడాకు ఇదే కారణమనుట తొందరపాటగును గాని, అవి ఒకే దారిన వచ్చినవి కావు.

కట్సునో, మెండెల్జన్ అను పరిశోధకులు 1991లో ఒక భేదమును తర్కబద్ధముగ చూపిరి. మారని లోకమును గూర్చి కొత్త వార్త తెలిసి పాత జ్ఞానమును దిద్దుట ఒకటి. లోకమే మారినపుడు జ్ఞానమును దాని వెంట నడపుట వేరొకటి. రెంటి నియమములు ఒకటి కావు. నిన్నటి ఘటజ్ఞానము, నేడు కుండ పగిలినంతమాత్రమున భ్రమ కాదు గదా! అట్లే 1986 నాటి కొలత తప్పు కాదు. తప్పినప్పుడెల్ల అంకెలు సర్దుకొను ఏజెంటు ఈ భేదమును ఎరుగదు. నిజమైన పాత సాక్ష్యమును దోషముగ నెంచి త్రోసివేయగలదు. (గంగేశునికి కంప్యూటరు తెలియునను పండితమ్మన్యుల గోల వేరు. దానితో ఇచట పని లేదు.)

ధవళేశ్వరమున 17.75 అడుగులకు మూడవ హెచ్చరిక. అంతకు ముందే లంకలలో పిల్లలను, పశువులను పడవ ఎక్కింపవలెను. కావున యంత్రము చెప్పు ప్రతి హెచ్చరికయు తన హేతువును, వ్యాప్తిని, అది ఏ ఉపాధి నిలిచినంతవరకు చెల్లునో ఆ ఉపాధిని పైకి చెప్పితీరవలెను. శబరి కొలత ఆ పూట అందనిచో, అందలేదను మాట అంకె ప్రక్కనే, లంకవాసికి అర్థమగు తెలుగులో ఉండవలెను.