వర్తకశాలల ముంగిట కృత్రిమపు పచ్చిక

పచ్చదనము కన్నులకు విందు. వేసవినాళ్లలో నేల బీటలు వారి, ధూళి రేగుచుండగా, ఒకచోట పచ్చిక కనబడినచో బాటసారి మనస్సు చల్లబడుట సహజము. ఈ ప్రీతిని గుర్తెరిగియే కాబోలు, నేడు మన పట్టణములలోని వర్తకులు అంగళ్ల ముందును, హోటళ్ల మేడలపైనను, కల్యాణమండపముల ముంగిళ్లలోను కృత్రిమపు పచ్చికను పరపించుచున్నారు. చాపవలె చుట్టి తెచ్చిన ప్లాస్టిక్ గడ్డిని విప్పి పరచిన చాలును. నీరు వలదు, కోత వలదు, తోటమాలి వలదు. ఇంతటి సౌకర్యమును కాదనుట మూర్ఖత వలె దోచును. అయినను మనవంటి ఉష్ణదేశమున ఎండ సోకు బయలునందు దీనిని పరచుట తగదని నా యభిప్రాయము.

గడచిన వేసవిలో మా వీథియందలి యొక వర్తకభవనము ముంగిట నేను జూచిన సంగతిని విన్నవించెదను. మిట్టమధ్యాహ్నము. ఒక తల్లి బట్టలు కొని వెలుపలికి వచ్చుచుండెను. ఆమె బిడ్డ, నాలుగేండ్లవాడు, పచ్చికను జూచిన యుత్సాహమున చెప్పులు విడిచి దానిపైకి పరుగిడెను. పదియడుగులైనను వేయకమునుపే కెవ్వున నేడ్చి నిలిచిపోయెను. కావలివాడు పరుగున వచ్చి, వాని నెత్తుకొని, గోడప్రక్కనున్న వేపచెట్టు నీడను దింపెను. బిడ్డ యరికాళ్లు కందియుండెను. "అది గడ్డి కాదు నాయనా, పెనము" అని ఆ వృద్ధుడు వాని నోదార్చెను.

ఆ మాటలో శాస్త్రమున్నది. సజీవమైన పచ్చిక వేళ్లతో నీటిని పీల్చి, ఆకులద్వారా ఆవిరిగా విడుచును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు ఇంచుమించు 580 కెలోరీల ఉష్ణము కావలయును. ఆ యుష్ణము ఆకునుండియు చుట్టునున్న గాలినుండియు వ్యయమగును గనుక పచ్చిక చల్లగా నుండును. మట్టికూజలో నీరు చల్లబడుటయు ఈ న్యాయముననే. ప్లాస్టిక్ పోచకు వేరు లేదు, ఆవిరి లేదు. పడిన యెండను గ్రహించి వేడెక్కుటయే దానికి దెలిసిన విద్య. 2002లో అమెరికాయందు యూటా రాష్ట్రములోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమువారు తమ క్రీడాస్థలమును పరీక్షించిరి. గాలిలో 98 ఫారన్‌హీటు డిగ్రీల వేడిమి గల దినమున కృత్రిమపు పచ్చిక 200 డిగ్రీలవరకు వేడెక్కెను. నీరు మరుగుటకు 212 డిగ్రీలే గదా! నీళ్లు చల్లి చల్లార్చి చూచిరి. ఇరువది నిమిషములలో వేడి తిరిగి ఇంచుమించు మునుపటివలెనే యయ్యెను. మన బెజవాడలో మేనెల గాలియే 104 డిగ్రీలు దాటుట సామాన్యము. ఇక నేల సంగతి చెప్పనేల?

ఈ గడ్డి ప్రసిద్ధికెక్కిన విధము గూడ తెలిసికొనదగినది. 1965లో టెక్సాసులోని హ్యూస్టన్ నగరమున ఆస్ట్రోడోమ్ అను పైకప్పుగల మహాక్రీడామందిరము తెరవబడెను. మొదట అందు నిజమైన గడ్డినే పెంచిరి. కప్పునందలి పారదర్శకపు పలకలనుండి వచ్చు వెలుగు ఆటగాండ్ర కన్నులను మిరుమిట్లు గొలుపుచుండుటచే ఆ పలకలకు రంగు పూసిరి. ఎండ తగులక గడ్డి చచ్చెను. అంతట 1966లో అచ్చట కృత్రిమపు గడ్డిని పరచిరి. ఆస్ట్రోటర్ఫ్ అను పేరు ఆ మందిరమునుబట్టి వచ్చినదే. సూర్యుడు సోకని చోట గడ్డికి బదులుగా ఖ్యాతి గాంచిన వస్తువును మనము సూర్యుడు మండు చోటికి దెచ్చుకొనుచున్నాము!

"నీటి మాట యేమి?" యని వర్తకు లడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. త్రాగునీటికే కటకటపడు వేసవిలో, కొనితెచ్చిన నీటిని శోభకొరకు గడ్డికి బోయుటయు న్యాయము కాదు. ఏటికి నాలుగంగుళముల వాన మాత్రమే కురియు లాస్ వేగస్ నగరము గల నెవాడా రాష్ట్రమువారు 2021లో నొక శాసనము చేసిరి. వర్తకస్థలములు మొదలగువానియందు కేవలము అలంకారమునకై పెంచు గడ్డికి 2027 జనవరి 1 మొదలు కొలరాడో నదీజలమును వాడరాదని దాని సారాంశము. కాని గడ్డికి బదులుగా ప్లాస్టిక్ పరవుడని ఆ శాసనము విధింపలేదు. తక్కువ నీటితో బ్రతుకు చెట్లను, మొక్కలను నాటువారికి అచ్చటి జలసంస్థ ధనసహాయము చేయుచున్నది. మనము నేర్వవలసిన పాఠమిది.

కావున నా సూచన యిది. ముంగిట వేప, కానుగవంటి నీడనిచ్చు చెట్లను నాటి, వాని నీడను నాపరాళ్లుగాని గులకగాని పరచవలెను. మొదళ్లచుట్టు నేలను విడిచిపెట్టవలెను. కృత్రిమపు పచ్చికయే కావలయునన్నచో దానిని పైకప్పు క్రిందను, సాయంకాలపు ఆటస్థలములందును వాడుకొనుడు. పోచల నడుమ నల్లని రబ్బరుపొడికి బదులు ఇసుకను నింపుడు. వాననీరు ఇంకునట్లు అడుగున కంకర వేయుడు. అది చినిగి పనికిరానినాడు మట్టిలో గలియదని గూడ జ్ఞప్తియందుంచుకొనుడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వర్తకులును, భవననిర్మాతలును గాగలరు. ముంగిలి నలంకరించుటకు ముందు, మిట్టమధ్యాహ్నమున చెప్పులు విడిచి అచ్చట నిలిచి చూడుడు. మీ పాదము నిలువలేని చోటికి పరుల బిడ్డలను బిలువకుడు. ఆనాడు ఆ పసివానికి శరణమైనది వేలు వెచ్చించి పరపించిన పచ్చిక కాదు. ఎవరును నీరు పోయకున్నను గోడప్రక్కన నిలిచియున్న వేపచెట్టు.