పిలుపు ఒకరికి, చాకిరి ఇంకొకరికి

విలియం కేరీ పేరు మనలో చాలామంది గౌరవంగా తలుచుకుంటారు. సతీసహగమనాన్ని వ్యతిరేకించినవాడు, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు. ఆ గౌరవం తీసేయమని నేననడం లేదు. కానీ ఆయన భార్య డొరొతీని మతి చెడిన మనిషిగా, భర్త సేవకు అడ్డుపడిన ఆడదిగా చెప్పుకొస్తున్న పాత కథను మాత్రం నేను ఒప్పుకోను.

1781లో పెళ్లి రిజిస్టరులో సంతకం చేయడం రాక గుర్తు పెట్టిన పల్లెటూరి ఇంగ్లీషు స్త్రీ ఆమె. 1793లో భర్త ఇండియాకు పోదామంటే రానంది. అప్పుడామె గర్భిణి. ఆయన పెద్దకొడుకును తీసుకుని బయల్దేరాడు. ఓడ దగ్గర ఆటంకం వచ్చి ఆయన తిరిగి వచ్చినప్పుడు, ఇప్పుడు రాకపోతే కుటుంబం చెదిరిపోతుందనీ, బతికినంతకాలం పశ్చాత్తాపపడతావనీ సహచరుడు జాన్ థామస్ ఆమెను భయపెట్టాడు. తోబుట్టువు తోడు వస్తేనే వస్తానని, నెల బిడ్డతో సహా నలుగురు పిల్లలతో ఓడెక్కింది. దీన్ని సమ్మతి అంటారా?

బెంగాల్‌లో చేతిలో డబ్బు లేదు, నిలవడానికి ఇల్లు లేదు. తల్లికీ పిల్లలకూ రక్తవిరేచనాలు. 1794లో ఐదేళ్ల పీటర్ చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనసు చెదిరిపోయింది. 1807లో చనిపోయేదాకా చాలాకాలం గదిలో బంధించి ఉంచారు. అదే ఇంట్లో అనువాదాలు సాగుతూనే ఉన్నాయి. ఆ అనువాదాలు ఎన్ని భాషల్లోనో అందరూ లెక్క చెబుతారు. వాటి కోసం ఆ ఇల్లాలు ఏం పోగొట్టుకుందో ఎవరు లెక్కకట్టారు?

చేతనైన భార్య గతి ఏమిటంటారా? హన్నా మార్ష్‌మన్ 1800లో శ్రీరాంపూర్‌లో బోర్డింగు స్కూలు నడపడం మొదలుపెట్టింది. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి భోజనాలు, తన పిల్లలతో పాటు ఆలనాపాలనా లేని కేరీ కొడుకులు. ఆ స్కూళ్ల ఆదాయం మిషన్ ఖర్చులకు పెద్ద ఆధారం. చరిత్ర మాత్రం శ్రీరాంపూర్ త్రయం అంటుంది: కేరీ, మార్ష్‌మన్, వార్డ్. ముగ్గురూ మగవాళ్లే!

ఇది మిషనరీల సంగతి, మనకెందుకు అనుకోకండి. నేను పనిచేసిన ఒక స్వచ్ఛంద సంస్థలో డైరెక్టరుగారి త్యాగాన్ని ప్రతి సభలోనూ పొగిడేవాళ్లం. శిక్షణకు వచ్చినవాళ్లకు వండిపెట్టింది, రాత్రిళ్లు జమాఖర్చులు రాసింది ఆయన భార్య. జీతం ఆయనకే. పిల్లల చదువు పాడవుతుంది, ఆ మారుమూల ఊరికి రానన్నప్పుడు ఆమెకు నిబద్ధత లేదన్నారు. ఉద్యమం పేరు మీదైనా, దేవుడి పేరు మీదైనా, పితృస్వామ్యం మాట్లాడే భాష ఒక్కటే.

భర్త నమ్మకమే ఆమె నమ్మకం కూడా కావచ్చు కదా అని కొందరు వాదిస్తారు. కావచ్చు. అయితే ఆమె పేరున నియామకపత్రం ఇవ్వండి, జీతం ఇవ్వండి, నిర్ణయాల్లో ఓటు ఇవ్వండి. కుటుంబాన్ని ఊరు దాటించే ముందు, దేశం దాటించే ముందు, భర్త లేనిచోట ఆమెను విడిగా అడగండి. రానంటే అది ద్రోహం కాదు, ఆమె హక్కు. వచ్చాక ఉండలేనంటే తిరిగి వెళ్లే దారి ఖర్చు సంస్థే భరించాలి.

ఇతరుల హక్కుల కోసం పనిచేసే ప్రతి సంస్థ ముందు తన వంటింట్లోకి తొంగిచూడాలి. అక్కడ జీతం లేకుండా నిలబడ్డ మనిషి పేరు రిజిస్టరులో ఉందా? లేకపోతే రేపే రాయండి.