కారుకు ప్లగ్గు దొరికింది, డ్రైవర్‌కు మంచమేది?

ఎలక్ట్రిక్ కారు ఇయ్యాల హైదరాబాద్ ముచ్చట ఒక్కటే కాదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం రోడ్ల మీద కూడ ఆకుపచ్చ నంబర్ ప్లేట్ల బండ్లు కనబడుతున్నయి. ఆ ప్లేటు మీద అక్షరాలు తెల్లగుంటె సొంత బండి, పసుపుగుంటె కిరాయి బండి. పసుపు అక్షరాల బండ్ల స్టీరింగ్ కాడ కూసున్నది ఎక్కువ మంది మన ఊర్ల పిలగాండ్లే. అందుకే ఈ ముచ్చట మనది.

బండిని సర్కార్లు బాగనే చూసుకుంటున్నయి. తెలంగాణ సర్కారు 2024 నవంబర్‌ల 41 నంబర్ జీవో తెచ్చి, 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ అన్నది. కేంద్రం ఈ బండ్ల మీద జీఎస్టీ 5 శాతమే పెట్టింది. 2024 అక్టోబర్‌ల మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకానికి 10,900 కోట్లు ఇచ్చి, అందుల 2,000 కోట్లు చార్జింగ్ స్టేషన్లకే పక్కకు తీసింది. హోటళ్లు, మాల్స్, ఆఫీసులు కట్టేటప్పుడు పార్కింగ్ జాగల 20 శాతం చార్జింగ్‌కు తయారుగ ఉండాలె అని 2019ల కేంద్రం మోడల్ బిల్డింగ్ రూల్స్‌ల రాసింది.

బండి ఏడ ఆగాలె, ఏడ నిండాలె, ఎంతసేపు ఉండాలె అన్నది ఢిల్లీల కూసోని ఆలోచించిన్రు. మంచిదే. బండి నిండేదాక దాని పక్కన నిలబడే మనిషి ఏడ పండాలె అన్నది ఏ కాయితం మీద ఉన్నది? నేను అడిగేది గిదే.

సముద్రం ఒడ్డుకు పోయిన బండి

తెలంగాణకు సముద్రం లేదు. భద్రాచలం దిక్కు నుంచి సముద్రం చూడాలంటె చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం, రాజమండ్రి మీదికెళ్లి కాకినాడ పోవాలె. దగ్గర దగ్గర 260 కిలోమీటర్లు. 2014ల ఏడు మండలాలను ఆంధ్రల కలిపిన కాడ్నుంచి భద్రాచలం పట్నం దాటుడుతోటే పక్క రాష్ట్రం వస్తది. అడవి ఒక్కటే, గోదారి ఒక్కటే, కోయ మాట ఒక్కటే. పర్మిట్ కాయితం మాత్రం వేరే.

పోయిన చలికాలం ఒక మీటింగు పని మీద మేం నలుగురం ఈ దారిల పోయినం. కిరాయి తక్కువ పడుతదని ఎలక్ట్రిక్ కారు మాట్లాడుకున్నం. నడిపినోడు కూనవరం దిక్కు పిలగాడు. శబరి, గోదావరి కలిసే కాడ వాళ్లది పోలవరం ముంపు ఊరు. వాళ్ల నాయన ఎవుసం చేసిండు. ఈ పిలగాడు ఇంటర్‌ల ఆగిపోయి డ్రైవింగు నేర్సుకున్నడు. ఓనర్‌కు మూడు కార్లు ఉన్నయి, ముగ్గురు డ్రైవర్లు ఉన్నరు.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటె నాకు బండి గురించి పాఠం చెప్పిండు. "ఎక్కేటప్పుడు చార్జింగు మస్తు తింటది అన్నా. దిగేటప్పుడు కాలు తీస్తె చాలు, మోటరే బండిని పట్టి ఆపుతది, కొంత చార్జింగు తిరిగొస్తది. అందుకే దిగుడుల తొందర పడొద్దు." ఇంజనీరింగ్ చదివినోడు నాలుగు పేజీల రాసేది గీ పిలగాడు నాలుగు మాటలల్ల చెప్పిండు.

హైవే మీద రెండు దిక్కులా 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలె, దూరం పోయే బండ్లకు 100 కిలోమీటర్లకు ఒక ఫాస్ట్ చార్జర్ ఉండాలె అని కేంద్ర విద్యుత్ శాఖ 2022 గైడ్‌లైన్స్‌ల చెప్పింది. మా దారిల అడవి పొడవునా మాకు ఒక్క ఫాస్ట్ చార్జర్ కండ్లబడలె. రాజమండ్రిల దొరికింది. అక్కడ ముప్పావు గంట. మేం నలుగురం పోయి టిఫిన్ చేసి, చాయ తాగి వచ్చినం. వాడు బండి కాడ్నే ఉన్నడు, ఫోన్ల యాప్ చూసుకుంట. వెనక ఇంకో బండి లైన్ల ఉంటె ప్లగ్గు తీసి పక్కకు జరగాలె కదా.

కాకినాడ దిక్కు సముద్రం ఒడ్డున ఒక హోటల్‌ల దిగినం. పేరు అవసరం లేదు, అన్ని హోటళ్ల కథ గదే. కౌంటర్ కాడ ఆయన మంచిగనే మాట్లాడిండు. "చార్జింగ్ పాయింట్ ఉందండి, రాత్రంతా పెట్టుకోవచ్చు" అన్నడు. డ్రైవర్‌కు రూం ఉన్నదా అని అడిగితె, "డ్రైవర్లకి రూమేం ఉండదండి, అందరూ బండ్లోనే పడుకుంటారండి" అన్నడు. తప్పు మాట అన్నట్టు కూడ అనలె. నీళ్లు పల్లానికి పోతయి అన్నట్టు అన్నడు.

అడిగితె ఎక్‌స్ట్రా బెడ్ కింద డబ్బులు కట్టమన్నరు. కట్టి పిలగాన్ని మా రూంల పండుకోబెట్టినం. అయినా రాత్రి రెండుసార్లు లేచి కిందికి పోయిండు. ఎవరన్న ప్లగ్గు పీకి వాళ్ల బండికి పెట్టుకుంటె పొద్దున కథ ఖతం. ఓనర్ వీన్నే అడుగుతడు. రెండోసారి నేను కూడ ఎంబడి పోయిన. పార్కింగ్‌ల ఆరు బండ్లల్ల ఆరుగురు పండుకున్నరు. సీట్లు వెనక్కి ఒంచి, మొఖం మీద తువ్వాలు కప్పుకొని. అద్దాలు ఎక్కిస్తె ఉక్క, దించితె దోమలు. ఎలక్ట్రిక్ బండ్ల ఉన్నోడు ఏసీ పెట్టుకుంటె పొగ ప్రమాదం లేదు. కని బ్యాటరీ తగ్గుతది, యాప్‌ల ఓనర్‌కు కనబడుతది. అందుకే వాడు కూడ ఏసీ బంద్ పెట్టుకున్నడు.

మేం కట్టినం కాబట్టి ఒకనికి మంచం దొరికింది. మిగిలిన ఆరుగురి సంగతి ఏంది? ఎవరి మంచితనం మీదనో ఆధారపడి నడిచేదాన్ని హక్కు అనరు.

పాత కష్టమే, కొత్త గడియారం

డ్రైవర్లు బండ్లల్ల పండుకునుడు కొత్త కాదు, అంబాసిడర్ కాలం నుంచి ఉన్నది అంటరు. నిజమే. కని ఎలక్ట్రిక్ బండి వచ్చినంక ఒకటి మారింది. డీజిల్ కొట్టిచ్చేందుకు అయిదు నిమిషాలు. ఫాస్ట్ చార్జర్ కాడ ముప్పావు గంట, గంట. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌కు పెడితె 3 కిలోవాట్ల మీద కొంచెం వస్తది, అంటె 40 యూనిట్ల బ్యాటరీ నిండనీకె ఒక రాత్రంతా కావాలె.

ఆ టైం ఎవరిది? కిరాయికి మాట్లాడుకున్నోనికి అది చాయ టైం. ఓనర్‌కు అది లెక్కల లేని టైం, బండి తిరగలె కాబట్టి. డ్రైవర్‌కు అది డ్యూటీ. కాపలా ఉంటడు, లైన్ల నిలబడుతడు, ఫోన్ చూస్తడు. మీటర్‌ల ఎక్కదు, జీతంల రాదు. రాత్రి ఉంటె మూడొందలో నాలుగొందలో బత్తా ఇస్తరు. సముద్రం ఒడ్డున ఆ పైసలకు లాడ్జి దొరకదు. దొరికినా బండి ఇడిసి పోనీకె లేదు.

పొద్దుగాల ఆ కండ్లతోటే వాడు మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలె. 2023ల మన దేశంల రోడ్డు ప్రమాదాలల్ల చచ్చిపోయినోళ్లు 1 లక్షా 70 వేల మందికి పైన. డ్రైవర్ నిద్ర అంటె వెనక సీట్ల కూసున్నోళ్ల పానం కూడ.

చట్టంల ఉన్న కిటికీ, దాన్ని మూసిన తీరు

మనకు చట్టం లేదనుకుంటున్నరా? ఉండె. 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అన్నది. 9వ సెక్షన్‌ల ఇంకో మాట ఉండె: రాత్రిపూట కార్మికుడు ఆగాల్సిన కాడ యజమాని రెస్ట్ రూం పెట్టాలె. అరవై ఏండ్ల కిందనే రాసిన్రు. కాకపోతె అయిదుగురు, అంతకన్న ఎక్కువ మంది కార్మికులున్న సంస్థకే అది. మూడు కార్లు, ముగ్గురు డ్రైవర్లున్న మా పిలగాని ఓనర్‌కు అంటదు.

ఇప్పుడు ఆ చట్టం కూడ పోయింది. 2025 నవంబర్ 21 నుంచి అమలైన నాలుగు లేబర్ కోడ్‌లల్ల అది కలిసిపోయింది. కొత్త కోడ్‌ల మోటార్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు గీసిన గీత పది మంది. అంటె అయిదు కాస్త పది అయింది. మన జిల్లాల కిరాయి కార్ల ఓనర్లల్ల పది మంది డ్రైవర్లను పెట్టుకున్నోళ్లు ఎందరున్నరో మీరే లెక్క పెట్టున్రి. కిటికీ చిన్నగుండె, ఇప్పుడు ఇంకింత మూసిన్రు.

పక్కన తమిళనాడు వేరే తొవ్వ పట్టింది. ఓనర్‌ను అడుగుడు కాదు, హోటల్‌నే అడిగింది. 2023ల బిల్డింగ్ రూల్స్ మార్చి, హోటళ్లు, లాడ్జీలు గెస్టుల డ్రైవర్లకు పండుకునే జాగ, బాత్‌రూం పెట్టాలె అన్నది. రూల్ రాసినంత మాత్రాన రేపే మంచాలు పడవు, అది నాకు ఎరుకే. కని రూల్ ఉంటె అడిగే నోరు ఉంటది. తెలంగాణ, ఆంధ్ర రెండు సర్కార్లు గీ రూల్ ఎందుకు రాయొద్దు? కార్ల చార్జింగ్‌కు 20 శాతం జాగ అని రాసిన చేతి తోటే ఇంకో లైన్ రాయొచ్చు కదా.

జాగ లేదని హోటళ్లు అంటయి. ఒక కారు నిలిపే జాగ రెండున్నర మీటర్ల అడ్డం, అయిదు మీటర్ల నిలువు. హాస్టల్ లెక్క కింద ఒకటి, పైన ఒకటి వేస్తె గంత జాగల నాలుగు మంచాలు పడుతయి. సమస్య జాగది కాదు, చూపుది.

హైవేల మీద డ్రైవర్ల కోసం 1,000 విశ్రాంతి భవనాలు కడుతమని 2024 ఫిబ్రవరిల ప్రధాని ప్రకటించిండు. మంచిదే. కని హోటల్ గేటు కాడ ఆగిన కారు డ్రైవర్‌కు హైవే మీది భవనం పనికొస్తదా? ప్లగ్గు హోటల్‌ల, మంచం ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటె ఏం ఫాయిద?

ఆ కరెంటు కూడ మనదే

ఇంకో లెక్క చెప్తా. పోయి రాను 520 కిలోమీటర్లు. యూనిట్‌కు 7 కిలోమీటర్ల లెక్క 75 యూనిట్లు. బొగ్గుతోటి యూనిట్ కరెంటు తీయాలంటె సుమారు 700 గ్రాముల బొగ్గు. అంటె ఒక్క టూర్‌కు 50 కిలోల పైన బొగ్గు. దేశంల కరెంటు 70 శాతానికి పైన బొగ్గుదే. ఆ బొగ్గు ఏడిది? 1889ల ఇల్లెందుల మొదలైన తవ్వకం ఇయ్యాల మణుగూరు, సత్తుపల్లి దాకా వచ్చింది. మణుగూరు కాడ భద్రాద్రి ప్లాంటు 1,080 మెగావాట్లు. అటు చింతూరు అడవిల లోయర్ సీలేరు నీళ్ల కరెంటు 460 మెగావాట్లు. కని ఇదే అడవిల గుత్తికోయ గుంపులకు చాలా కాడ ఇయ్యాల్టికీ కరెంటు తీగ లేదు, సోలార్ దీపమే.

అట్లని ఎలక్ట్రిక్ కారు వద్దు అనేటోన్ని కాదు నేను. 35 లీటర్ల పెట్రోలు కాల్చినదానికన్న మన దేశపు సగటు కరెంటుతోటి నడిస్తె పొగ తక్కువే. రేపు ఎండ కరెంటు పెరిగితె ఇంకా తగ్గుతది. 2022 జులైల భద్రాచలం కాడ గోదారి 71 అడుగులు దాటినప్పుడు మన ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. అటు ఉప్పాడ కాడ సముద్రం మత్స్యకారుల ఇండ్లను కోసుకపోతున్నది. ఎండలు, వానలు గతి తప్పితె ముందు నష్టపోయేది మనసొంటోళ్లమే. కొత్త బండి రావాలె. కని బొగ్గు మన ఊరిది, ముంపు మన ఊరిది, కాపలా మన పిలగానిది, నిద్ర మాత్రం హోటల్ గెస్టుది అంటె ఒప్పుకోను.

ఏం అడగాలె?

ఒకటి, రెండు రాష్ట్రాలు బిల్డింగ్ రూల్స్ మార్చాలె. చార్జింగ్ పాయింట్ పెట్టిన ప్రతి హోటల్‌ల డ్రైవర్లకు మంచాలు, బాత్‌రూం, తాగే నీళ్లు ఉండాలె. ఆడ డ్రైవర్లకు వేరే గది ఉండాలె. టూరిజం శాఖ సొంత హోటళ్లల్ల ముందు మొదలు పెట్టి చూపియ్యాలె.

రెండు, చార్జింగ్ టైం డ్యూటీ టైం. కిరాయి బిల్లుల అది విడిగ రాయాలె, డ్రైవర్‌కు అందాలె.

మూడు, చింతూరు, మారేడుమిల్లి అసొంటి ఏజెన్సీ దార్లల్ల చార్జింగ్ స్టేషన్లు పెట్టాలె. వాటిని నడిపే పని ఆ ఊరి ఆదివాసీ యువకుల సంఘాలకు ఇయ్యాలె. పక్కన ఒక రెస్ట్ రూం, ఒక చాయ కొట్టు. 2,000 కోట్లల్ల కొంచెం ఇటు రాలితె చాలు.

నాలుగు, ఇది సర్కారుతోటి పనిలేనిది. కారు మాట్లాడుకొని ఏడికన్న పోతున్నరా? హోటల్‌కు ఫోన్ చేసినప్పుడు "సీ వ్యూ ఉన్నదా" అని అడిగే ముందు "డ్రైవర్‌కు మంచం ఉన్నదా" అని అడగున్రి. పది మంది అడిగితె నవ్వుతరు. వెయ్యి మంది అడిగితె హోటల్ వాళ్లు బోర్డు మీద రాసుకుంటరు.

స్టీరింగ్ పట్టిన తమ్ముళ్లకు ఒక్క మాట. భద్రాచలంల, కొత్తగూడెంల, ఖమ్మంల స్టాండ్ కాడ మీరు ఇరవై మంది ఉంటరు. ఓనర్లు వేరు వేరు కావొచ్చు, నిద్ర అందరిదీ ఒక్కటే. ఓనర్ కాడ పది మంది లేకుంటె చట్టం చూడదు. స్టాండ్ కాడ పది మంది కలిస్తె ఎవరైనా చూడాల్సిందే. సంఘం పెట్టుకోన్రి. రాత్రి ఏడ ఆగినరు, ఎన్ని గంటలు ప్లగ్గు కాడ నిలబడ్డరు అన్నది ఒక నోట్‌బుక్‌ల రాసి పెట్టున్రి. లేబర్ ఆఫీసర్ ముందట పెట్టనీకె అంతకన్న గట్టి కాయితం ఇంకోటి లేదు.