ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు

ఎస్సే పేపర్‌కి ప్రాక్టీస్ చేసేటప్పుడు ఏకాంతం, ఒంటరితనం అనే మాటల్ని మనం ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం. వాటి మధ్య తేడా నాకు ఒక పెయింటింగ్ చూశాక అర్థమైంది.

డచ్ చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1657-59లో వేసిన ఈ చిత్రం జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. తెరిచిన కిటికీ దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉత్తరం చదువుకుంటోంది. కిటికీ అద్దంలో ఆమె ముఖం కనిపిస్తుంది. వెనక గోడ ఖాళీ. చాలాకాలం పాటు చూసినవాళ్లకు కనిపించింది ఆ ఖాళీ గోడే.

1979లో ఎక్స్‌రే తీస్తే గోడ మీద ప్రేమదేవత క్యూపిడ్ పటం బయటపడింది. వెర్మీరే దాన్ని చెరిపేసి ఉంటాడని అనుకున్నారు. ఆయన చనిపోయిన కొన్ని దశాబ్దాలకు మరెవరో రంగు పూశారని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఆ పూత తొలగించి 2021లో ప్రదర్శనకు పెట్టారు.

ఖాళీ గోడే బాగుందనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. క్యూపిడ్ కనిపించినా గదిలో ఆ అమ్మాయి ఒక్కతే. కాకపోతే ఆమె మనసులో ఇంకొకరు ఉన్నారని ఇప్పుడు తెలుస్తోంది. అది ఏకాంతం. ఉత్తరంలో ఏముందో మాత్రం వెర్మీర్ మనకు చూపించడు. అది ఆమె సొంతం.

2017 పుట్టస్వామి తీర్పులో గోప్యతను ఆర్టికల్ 21లో భాగంగా గుర్తించిన సుప్రీంకోర్టు, ఇంటినీ, కుటుంబ జీవితాన్నీ, సన్నిహిత సంబంధాలనూ దాని పరిధిలోనే చూసింది. అంటే గోప్యత కావలసింది మనుషులకు దూరంగా ఉండటానికే కాదు, మనవాళ్లకు దగ్గరగా ఉండటానికి కూడా.

ఇంజినీరింగ్ అయ్యాక ప్రిపరేషన్ మొదలుపెట్టినప్పుడు, ప్రిలిమ్స్ అయ్యేదాకా ఫోన్ చేయొద్దని అమ్మకు చెప్పేశాను. దాన్నే ఏకాగ్రత అనుకున్నాను. ముగ్గురం ఉండే హాస్టల్ రూమ్‌లో ఏకాంతం ఎలాగూ లేదు, మిగిలింది ఒంటరితనమే. రెండు అటెంప్ట్‌లు పోయాయి. ఫోన్ చేయనివ్వకపోవడం వల్లే పోయాయని అనను. కానీ ఆ రెండేళ్లు నా గోడ మీద నేనే సున్నం కొట్టుకున్నాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి మేడ మీదికి వెళ్లి పది నిమిషాలు అమ్మతో మాట్లాడతాను. తను సిలబస్ గురించి అడగదు, తిన్నావా అని అడుగుతుంది. తర్వాత కిందికొచ్చి చదువుకుంటాను.

ఈ టాపిక్ వస్తే సమాజం నుంచి దూరం కావడమే ఏకాంతం అని మొదలుపెట్టకండి. ఆ గదిలో ఉత్తరం కూడా ఉందని గుర్తుపెట్టుకోండి.