సగం బిళ్ళ వైద్యం

"ఏవండీ, మా కుక్కని బండి గుద్దేసిందండి. నొప్పికి ఏదన్నా బిళ్ళుంటే ఇద్దురూ."

ఈ వారం పాలకొల్లులో ఒక మందుల షాపు ముందు వినపడిన మాట ఇది. కౌంటరు వెనకున్న కుర్రాడు కుక్క ఎంత బరువుంటుందని కూడా అడగలేదు. డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళల అట్ట తీసి, కత్తెరతో రెండు బిళ్ళలు కోసిచ్చి, "పూటకి సగం వేయండి, పొద్దున్నకి లేచి తిరుగుద్ది" అన్నాడు. వచ్చినాయన చేతులు వణుకుతున్నాయి. ఆయన చొక్కా మీద కుక్క రక్తం ఉంది. అంత ప్రేమతో ఇంటికి పట్టుకెళ్ళినది మాత్రం ఆ కుక్క ప్రాణం మీదికి తెచ్చే మందు.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుళ్ళు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అందులోనూ బండి గుద్దిన కుక్కకు లోపల రక్తం పోతూ ఉండొచ్చు. ఒంట్లో రక్తం తగ్గినప్పుడు మూత్రపిండాలకు సరఫరా ఆగిపోకుండా శరీరం కొన్ని రసాయనాలను తయారు చేసుకుంటుంది. ఈ బిళ్ళలు అడ్డుకునేది సరిగ్గా వాటినే. కాబట్టి మామూలు కుక్క కంటే దెబ్బతిన్న కుక్కకే వీటితో ముప్పు ఎక్కువ. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. పిల్లికైతే ఒక్క బిళ్ళ చాలు, ప్రాణం పోవడానికి.

పశువైద్యులు నొప్పి మందులు వాడరా అంటే, వాడతారు. మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ ఉన్నాయి. కుక్కను తూకం వేసి, కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కట్టి, ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో చూసి మరీ ఇస్తారు. ఇంట్లో ముందే ఏదో ఒక బిళ్ళ మింగించేస్తే ఆ సరైన మందు ఇచ్చే వీలు కూడా పోతుంది. రెండూ కలిస్తే కడుపులో చిల్లు పడొచ్చు మరి. ఇప్పటికే వేసేసినవాళ్ళు మొహమాటపడకుండా ఆ అట్టను డాక్టరుకి చూపించాలి.

మరి కళ్ళెదుట మూలుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. చేయాల్సిన పని చాలా ఉంది, దానికి కావలసినవన్నీ గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద నొప్పి మందు కదపకుండా ఉంచడం. విరిగిన ఎముక కదిలిన ప్రతిసారీ చుట్టూ ఉన్న కండ చీరుకుంటుంది. చంకలో ఎత్తుకోవడం, కాళ్ళు పట్టి లాగడం, స్కూటరు ముందు నిలబెట్టి తీసుకెళ్ళడం వల్ల నొప్పి నాలుగింతలవుతుంది. పడి ఉన్నచోటే పక్కన ఒక బరకం పరిచి, ఇద్దరు మనుషులు వీపునీ నడుమునీ ఒక్కసారిగా జరిపి దాని మీదికి చేర్చాలి. నాలుగు మూలలూ బిగించి పట్టుకుంటే అదే స్ట్రెచరు. వెడల్పాటి చెక్క దొరికితే ఇంకా మంచిది.

అంతకంటే ముందు మూతి కట్టాలి. ఎంత పెంచుకున్న కుక్కయినా నొప్పిలో కరుస్తుంది, అది దాని తప్పు కాదు. పాత నూలు కండువాను పొడవుగా చింపి, వదులు ముడి వేసి, ముక్కు ఎముక మీదుగా మూతికి తొడిగి బిగించాలి. కొసలు రెండూ గడ్డం కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి, చెవుల వెనక ముడేస్తే జారిపోదు. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా, దవడకే దెబ్బ తగిలినా మాత్రం కట్టకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అయిదు నిమిషాలు వదలకుండా అదమాలి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూస్తే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేయాలి.

వాపుకి ఐసు పెట్టాలి. చేపలూ రొయ్యలూ ఎగుమతయ్యే ప్రాంతంలో ఐసుకి కొదవేముంది! తువ్వాలులో చుట్టి పది నిమిషాలు ఆనించి తీసేయాలి, చర్మానికి నేరుగా తగలనివ్వకూడదు. ఎముక బయటికొచ్చిన చోట ఐసూ వద్దు, సర్దడమూ వద్దు, తడిగుడ్డ కప్పితే చాలు. పైపెదవి ఎత్తి చిగురు చూడాలి. తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతూ ఉండొచ్చు, ఇక క్షణం ఆగకూడదు.

పోయకూడనివీ పూయకూడనివీ ఉన్నాయి. కిరసనాయిలు, సున్నం, కాఫీ పొడి పుండులో కూరితే డాక్టరు అదంతా కడగాల్సి వస్తుంది. ఆ కడుగుడు ఆ కుక్కకి రెండో నరకం. నోరు తెరిచి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మత్తిచ్చి ఆపరేషను చేయాల్సి రావచ్చు కనుక అన్నం పెట్టకూడదు. సాయం చేసేటప్పుడు కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, ఆరోజే రేబిస్ టీకాకి వెళ్ళాలి.

డైక్లోఫెనాక్ మాట వచ్చింది కాబట్టి రాబందుల సంగతి చెప్పి తీరాలి. పశువుల నొప్పికి విచ్చలవిడిగా పొడిచిన ఈ ఇంజెక్షను వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి రాలిపోయాయని 2004లో నేచర్ పత్రికలో శాస్త్రవేత్తలు రుజువు చేశారు. తెల్ల నడుము రాబందు 1992, 2007 మధ్య మన దేశంలో 99 శాతానికి పైగా అంతరించింది. 2006లో పశువులకు దీన్ని నిషేధించారు. అయినా మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలు పశువుల కొట్టాల్లోకి చేరుతున్నాయని 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా పశువైద్యంలో నిషిద్ధమయ్యాయి. రాబందులు పోవడంతో కళేబరాలు కుళ్ళి, ఊరకుక్కలు పెరిగి, నీళ్ళు చెడి 2000–2005 మధ్య దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్క తేల్చారు. ఒక్క నొప్పి మందు చేసిన విధ్వంసం అది. అదే మందు ఇంకా కౌంటరు మీద కత్తెరతో కోసి అమ్ముతున్నారు. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడని షెడ్యూల్ హెచ్ మందు అని అట్ట మీదే అచ్చు వేసి ఉంటుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఒక్కరోజు ఏ బజారులోనైనా నిలబడితే చాలు, ఎన్ని అట్టలు చీటీ లేకుండా తెగుతున్నాయో తెలుస్తుంది.

కానీ ఆ చొక్కా మీద రక్తంతో వచ్చినాయన రాత్రి ఎనిమిది దాటాక ఇంకెక్కడికి వెళ్ళాలి? తెరిచి ఉన్నది మందుల షాపే. ప్రభుత్వ పశువైద్యశాల పగటి వేళలకే. 2022 మే 19న 175 వాహనాలతో మొదలై ఆ తర్వాత 340కి చేరిన సంచార పశువైద్య అంబులెన్సులు రాష్ట్రంలో ఉన్నాయి. 1962కి ఫోన్ చేస్తే వస్తాయని రైతులకు తెలుసు, కుక్క కోసం చేయడానికి మాత్రం జనం సంకోచిస్తారు. సంకోచించక్కర్లేదు, చేయాలి. లంక గ్రామాల వాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆగిపోయాక గాయపడిన జీవితో నరసాపురం చేరడమెలా?

ఇదంతా వైద్యం చేతకాక కాదు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర కత్తి దెబ్బ తిన్న పుంజుకి అక్కడికక్కడే సూదీ దారంతో కుట్లు వేసేవాళ్ళుంటారు. పందెం డబ్బున్న చోట వైద్యం పరుగెత్తుకొస్తుంది. దెబ్బతిన్న కుక్కను వీధిలో వదిలేసి పోయిన యజమానికి మాత్రం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మొదటి నేరానికి వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. దశాబ్దాలుగా ఆ అంకె మారలేదు. పార్లమెంటు ముందుగా సవరించాల్సింది దాన్ని.

ఈలోగా పశుసంవర్ధక శాఖ చేయగలిగిన పని ఒకటుంది. ఏలూరు నుంచి కాకినాడ దాకా ప్రతి పశువైద్యశాల గేటుకీ ఒక బోర్డు తగిలించాలి. 1962తో పాటు ఆ రాత్రి పిలిస్తే పలికే డాక్టరు ఫోన్ నంబరు దాని మీద ఉండాలి. అదే బోర్డు ప్రతి మందుల షాపులో, బిళ్ళలు కోసే కత్తెర పక్కనే కనపడాలి.